లేఅవుట్‌లో పెద్ద మోడల్ షీట్లు రెండర్ కావడానికి గంటలు పడుతోంది: మధురవాడ కొండవాలు అపార్ట్‌మెంటు ఫైలు

కొండవాలు
గురువారం, రాత్రి 10.15

సభ్యులందరికీ నమస్కారం. మధురవాడ దగ్గర కొండవాలులో కట్టబోయే ఒక అపార్ట్‌మెంటుకు స్కెచ్‌అప్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లో మోడల్ చేసి, దానితోపాటు వచ్చే లేఅవుట్ అనే ప్రోగ్రామ్‌లో డ్రాయింగ్ షీట్లు సిద్ధం చేస్తున్నాను. సెల్లార్ మీద తొమ్మిది అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది చొప్పున మొత్తం 72 ఫ్లాట్లు ఉన్నాయి. ఏ1 సైజులో 26 షీట్లు ఇవ్వాలి. స్కెచ్‌అప్‌లో మోడల్‌ను తిప్పి చూస్తే కాస్త బరువుగా ఉన్నా పని సాగుతోంది గాని, లేఅవుట్‌లోకి వచ్చేసరికి ఒక్క గోడ మార్చి ఫైలు సేవ్ చేస్తే చాలు, షీట్లన్నీ మళ్ళీ రెండర్ కావడం, అంటే బొమ్మలు మొదటి నుంచి గీయడం, మొదలవుతుంది. ఆ సేపంతా ఒక్క కొలత రాయడానికి కూడా వీలుండదు. నిన్న సాయంత్రం పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ పెట్టి రెండు గంటలు చూశాను. చివరికి ప్రోగ్రామ్ దానంతట అదే మూసుకుపోయింది.

ఈ ఇబ్బంది తీరుతుందనే ఆశతో పోయిన నెలలో 32 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ కొన్నాను. పాత దానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మంగళవారం క్లయింటుకు షీట్లు చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

గాజువాక గీత
గురువారం, రాత్రి 10.50

మీ ఇబ్బంది అర్థమైంది. సలహా చెప్పే ముందు రెండు విషయాలు తెలియాలి. మొదటిది, లేఅవుట్‌లో ఏదైనా ఒక వ్యూపోర్టును (షీటు మీద మోడల్ కనిపించే చట్రాన్ని) ఎంచుకుని, స్కెచ్‌అప్ మోడల్ ప్యానెల్‌లో అది రాస్టర్‌లో ఉందో, వెక్టర్‌లో ఉందో, హైబ్రిడ్‌లో ఉందో చూడండి. రెండవది, స్కెచ్‌అప్‌లో మోడల్ ఇన్ఫో తెరిచి స్టాటిస్టిక్స్ దగ్గరకు వెళ్ళి, లోపల ఉన్న కాంపొనెంట్లను (ఒకసారి చేసి చాలాచోట్ల నకళ్ళుగా వాడే వస్తువులను) కూడా లెక్కించే గడిలో టిక్ పెట్టిన తరువాత ఎడ్జ్‌ల (అంచు గీతల) సంఖ్య ఎంత ఉందో రాయండి. ఆ టిక్ పెట్టకపోతే పైపైన ఉన్నవి మాత్రమే లెక్కకు వస్తాయి, ఆ అంకెను చూసి మోడల్ తేలికగానే ఉందని మోసపోతాం.

ఉప్పుగాలి
గురువారం, రాత్రి 11.20

నేను కంప్యూటర్ల మరమ్మతు చేసేవాణ్ణి, డిజైన్ పని నాకు తెలియదు. కాబట్టి యంత్రం వైపు నుంచి మాత్రమే చెబుతాను. స్కెచ్‌అప్ తన పనిలో అధికభాగం ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే నడుపుతుంది. అందువల్ల కోర్‌లు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఒక్కొక్క కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే ఇక్కడ లెక్కకు వస్తుంది. మోడల్ మొత్తం ర్యామ్‌లో పట్టినంతవరకు ర్యామ్ పెంచడం వల్ల అదనంగా వచ్చే వేగం ఉండదు.

రెండు పరీక్షలు చేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద ఉన్న గ్రాఫిక్స్ పేజీకి వెళ్ళి, స్కెచ్‌అప్‌నూ లేఅవుట్‌నూ వేర్వేరుగా చేర్చి, రెండింటికీ హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. చాలామంది స్కెచ్‌అప్‌ను మాత్రమే చేర్చి ఊరుకుంటారు, లేఅవుట్ మాత్రం ప్రాసెసర్‌తో వచ్చే చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తూ ఉంటుంది. తరువాత, చార్జరు పెట్టి ఉంచే పని చేయండి, ఎందుకంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు లాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేడెక్కినా అంతే. మన ఊళ్ళో సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్ళ నుంచి వచ్చే లాప్‌టాప్‌లను విప్పి చూస్తే, తేమకు దుమ్ము ముద్దకట్టి ఫ్యాన్ రెక్కలకు, గాలి పోయే సందులకు అట్టకట్టి ఉండడం తరచుగా చూస్తుంటాను. మీది కొత్తది కాబట్టి ఆ బెడద ఇంకా ఉండదు. బల్ల మీద గాలి ఆడేలా పెట్టుకుంటే చాలు.

కొండవాలు
శుక్రవారం, ఉదయం 7.30

ఉప్పుగాలి గారూ, మీరు చెప్పినట్టే లేఅవుట్‌ను నేను అసలు చేర్చలేదు, ఇప్పుడు చేర్చాను. షీటును జూమ్ చేసి పక్కకు జరిపేటప్పుడు కొంత తేలిక కనిపిస్తోంది గాని, రెండర్ సమయం మారలేదు.

గాజువాక గీత గారూ, గీతలు పదునుగా రావాలని వ్యూపోర్టులన్నీ వెక్టర్‌లో పెట్టాను. డాక్యుమెంట్ సెటప్‌లో డిస్‌ప్లే రిజల్యూషన్ కూడా హైలో ఉంది. ఇక ఎడ్జ్‌ల సంఖ్య చూసి నేనే నమ్మలేకపోయాను. టిక్ లేనప్పుడు దాదాపు 30 వేలు చూపింది. టిక్ పెట్టగానే 46 లక్షలు దాటింది.

గాజువాక గీత
శుక్రవారం, ఉదయం 9.05

అయితే సమస్య ఎక్కడుందో చాలావరకు తేలినట్టే. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

రాస్టర్ అంటే, మీరు స్కెచ్‌అప్ తెరమీద చూసే దృశ్యాన్నే గ్రాఫిక్స్ కార్డు చుక్కలుగా గీసి ఇవ్వడం. దాని ఖర్చు ముఖ్యంగా చుక్కల సంఖ్యను బట్టి ఉంటుంది. ఏ1 కాగితం 841 మిల్లీమీటర్ల పొడవు, 594 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కదా. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఒక నిండు షీటుకు దాదాపు 7 కోట్ల చుక్కలు కావాలి, 150 చుక్కల లెక్కన అయితే అందులో నాలుగో వంతు, అంటే సుమారు 1.74 కోట్లు సరిపోతాయి. పని చేసుకునేటప్పుడు డిస్‌ప్లే రిజల్యూషన్‌ను లోలో పెట్టుకోమని నేను చెప్పేది అందుకే. పీడీఎఫ్ తీసేటప్పుడు లేఅవుట్ ఔట్‌పుట్ రిజల్యూషన్‌ను చూసుకుని మళ్ళీ గీస్తుంది కాబట్టి, తెరమీద మసకగా కనిపించినా కాగితం మీద నాణ్యత తగ్గదు.

వెక్టర్ సంగతి వేరు. అక్కడ ప్రతి ఎడ్జ్‌నూ విడి గీతగా లెక్కగట్టాలి, ఆ గీత ముందు ఏ ఫేస్ (తలం) అడ్డు ఉందో, ఎంత భాగం కనిపిస్తుందో, ఎంత భాగం దాగుతుందో తేల్చాలి. ఎడ్జ్‌లు రెట్టింపైతే పని రెట్టింపుతో ఆగదు, అంతకు మించి పెరుగుతుంది. మీ ఎలివేషన్ (భవనం బయటి ముఖాన్ని చూపే) షీటులో గోడ వెనక ఉన్న బాత్‌రూమ్ సామాను ఒక్క గీత కూడా కనిపించదు, అయినా అది కనిపించదని తేల్చడానికే లేఅవుట్ ఇంతసేపూ కష్టపడుతోంది. హైబ్రిడ్ ఈ రెండింటినీ చేసి ఒకదాని మీద ఒకటి పరుస్తుంది. నీడలు, టెక్స్చర్లు, పదునైన గీతలు మూడూ వస్తాయి, ఖర్చు కూడా రెండింటిదీ పడుతుంది.

ఈరోజే చేయవలసినది ఇది. పర్‌స్పెక్టివ్ వ్యూలన్నింటినీ రాస్టర్‌కు మార్చండి. ప్లాన్లను, సెక్షన్లను (భవనాన్ని నిలువునా కోసి చూపే బొమ్మలను), ఎలివేషన్లను కూడా పని జరుగుతున్నంతకాలం రాస్టర్‌లోనే ఉంచి, ఇచ్చే ముందు మాత్రమే అవసరమైనవాటిని వెక్టర్‌కు మార్చండి. స్కెచ్‌అప్ మోడల్ ప్యానెల్‌లో రెండర్ బటన్ పక్కన ఆటో అనే టిక్ ఉంటుంది, దాన్ని తీసేయండి. మోడల్ మారినప్పుడు వ్యూపోర్ట్ మూలన పసుపుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. మీకు కావలసిన వ్యూపోర్టును ఎంచుకుని రెండర్ నొక్కినప్పుడే అది గీస్తుంది, మిగిలిన 25 షీట్లు మీ పనికి అడ్డురావు.

సీతమ్మధార స్టూడియో
శుక్రవారం, ఉదయం 11.40

పై సలహాలన్నీ మంచివే. దానికి నేనొకటి చేరుస్తాను: ఒకే రకమైన వస్తువులన్నింటినీ గ్రూపులుగా కాకుండా కాంపొనెంట్లుగా చేయండి. మా ఆఫీసులో ఒక హోటల్ ఫైలును అలా మార్చితే సైజు మూడో వంతుకు తగ్గింది. కాంపొనెంటు ఒక్కసారే దాచబడి, మిగిలినవన్నీ దాని నకళ్ళుగా ఉంటాయి కాబట్టి లేఅవుట్‌కు కూడా భారం తగ్గుతుంది.

గాజువాక గీత
శుక్రవారం, మధ్యాహ్నం 12.25

మీ మాటలో మొదటి సగం పూర్తిగా నిజం, రెండవ సగాన్ని మాత్రం ఒప్పుకోలేను. కాంపొనెంట్ల వల్ల ఫైలు చిన్నదవుతుంది, మెమరీ మిగులుతుంది, సేవ్ చేయడం వేగవంతమవుతుంది, ఒకటి మార్చితే అన్నీ మారతాయి. కానీ వెక్టర్ లెక్క దగ్గరకు వచ్చేసరికి ప్రతి నకలూ తన చోటులో తాను విడిగా నిలబడి ఉంటుంది, దాని ముందున్న అడ్డు వేరు, వెనకున్నది వేరు. అందువల్ల 72 ఫ్లాట్లకు రెండేసి చొప్పున 144 నకళ్ళు ఉంటే 144 సార్లూ లెక్క జరగవలసిందే. బహుశా కొండవాలు గారి మోడల్‌లో కూడా వస్తువులు కాంపొనెంట్లుగానే ఉండి ఉంటాయి. అందుకే స్కెచ్‌అప్‌లో సాగుతూ లేఅవుట్‌లో ఆగిపోతోంది. కొండవాలు గారూ, ఒక్కొక్క కాంపొనెంటును ఎంచుకుని దానిలో ఎన్ని ఎడ్జ్‌లున్నాయో, మోడల్‌లో అది ఎన్నిసార్లు వచ్చిందో రాసి గుణించండి. జాబితాలో పైకి వచ్చేవి నాలుగైదు మించి ఉండవు.

కొండవాలు
శుక్రవారం, రాత్రి 8.50

గుణించి చూశాను. మీరు ఊహించినట్టే అన్నీ కాంపొనెంట్లే. స్కెచ్‌అప్ మోడళ్ళు దొరికే 3డీ వేర్‌హౌస్ సైటు నుంచి తెచ్చిన కమోడ్ ఒక్కదానిలో 16,400 ఎడ్జ్‌లు ఉన్నాయి. ఫ్లాటుకు రెండు చొప్పున 144 కమోడ్లు, అంటే 23 లక్షల 61 వేల 600. నేను ఇచ్చే షీట్లలో ఒక్కదానిలోనూ కమోడ్ వంపులు కనిపించే స్కేలు లేదు! దాని తరువాత చెట్లూ కార్లూ కలిపి తొమ్మిది లక్షలు, కొండ నేల ఆరు లక్షల పైచిలుకు. బాల్కనీ రెయిలింగులో బాల్కనీకి 30 చొప్పున 2,160 నిలువు కడ్డీలు. గుండ్రని కడ్డీ వృత్తం 24 ముక్కలది కావడంతో కడ్డీకి 72 ఎడ్జ్‌ల చొప్పున లక్షా 55 వేలు దాటాయి.

కమోడ్ స్థానంలో ఏం పెట్టాలన్నది నాకు స్పష్టంగానే ఉంది. కడ్డీల విషయంలో మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. గుండ్రని కడ్డీని నాలుగు పలకల కడ్డీగా గీస్తే ఎలివేషన్ అందం చెడదా?

పాత డ్రాఫ్టింగ్ బల్ల
శనివారం, ఉదయం 6.10

నాయనా, నేను ముప్పై ఏళ్ళు బల్ల మీద టీ స్క్వేరుతో గీసి, తరువాత కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణి. మీ కడ్డీ మందం ఎంతో రాయలేదు గాని, మామూలుగా వాడే 20 మిల్లీమీటర్ల కడ్డీ అనుకుందాం. 1:100 స్కేలులో అది కాగితం మీద 0.2 మిల్లీమీటర్లు. మేము ఇంకు పెన్నులతో ట్రేసింగ్ కాగితం మీద గీసిన రోజుల్లో ఎలివేషన్ గీతకు 0.25 పెన్ను వాడేవాళ్ళం. అంటే మీ కడ్డీ కంటే దాన్ని గీసే గీతే లావు. ఆ 0.2 మిల్లీమీటర్ల లోపల 24 ముఖాలున్నాయో నాలుగున్నాయో చెప్పగల కన్ను ఎవరికీ లేదు. రెండు అంచు గీతలు పక్కపక్కనే పడి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రెయిలింగు నల్లటి పట్టీలా అచ్చవుతుంది. ఎలివేషన్ కోసం కడ్డీకి ఒక్క నిలువు గీతే పెట్టండి, అదే అందంగా వస్తుంది. పలకల కడ్డీ పెట్టినా 12 ఎడ్జ్‌లతో పోతుంది, మొత్తం పాతిక వేల పైచిలుకు.

బల్ల మీద గీసేటప్పుడు ప్రతి గీతకూ మా చెయ్యి నొప్పి పుట్టేది కాబట్టి, ఏ స్కేలులో ఏది వదిలేయాలో పని నేర్చుకునే మొదటి ఏడాదిలోనే తెలిసిపోయేది. 1:100 ప్లానులో కమోడుకు ఒక కోడిగుడ్డు ఆకారం, దాని వెనక ఒక దీర్ఘచతురస్రం. 1:20 బాత్‌రూమ్ వివరంలో మాత్రం కుళాయి కూడా గీసేవాళ్ళం. మీరు కూడా ఒకే వస్తువుకు రెండు రూపాలు పెట్టుకోండి: ఒకటి నేలమీద పరిచిన చదును చిహ్నం, మరొకటి పూర్తి రూపం. రెండింటికీ వేర్వేరు ట్యాగులు (వస్తువులను కావలసినప్పుడు చూపడానికి, ఆపడానికి ఇచ్చే గుర్తులు) ఇచ్చి, ప్లాన్ సీన్‌లో (సేవ్ చేసుకున్న దృశ్యంలో) చిహ్నం మాత్రమే, వివరపు సీన్‌లో పూర్తి రూపం మాత్రమే కనిపించేలా సీన్లను సేవ్ చేసుకోండి. ఎలివేషన్ సీన్‌లో ఇంటి లోపలి సామాను ట్యాగులన్నీ ఆపేయండి. ఆపిన ట్యాగు వెక్టర్ లెక్కలోకి రాదు, గోడ వెనక దాగినది మాత్రం వస్తుంది. ఈ తేడా మీద చాలా సమయం ఆధారపడి ఉంది.

ఇంకొకటి. ప్లాను కోసం సెక్షన్ ప్లేన్ (మోడల్‌ను కోసి లోపలిని చూపే తలం) పెట్టి, దానిమీద రైట్ క్లిక్ చేస్తే, కోత పడిన చోట గీతలను గ్రూపుగా చేసే సౌకర్యం ఉంది. గోడల కోత ఇక మారదని తేలిన అంతస్తులకు ఆ గ్రూపునే విడి ట్యాగులో పెట్టి, మోడల్ మొత్తాన్ని ఆపి చూపవచ్చు. అయితే తరువాత గోడ మార్చితే ఆ గ్రూపు తనంతట తాను మారదు. దాన్ని తీసేసి మళ్ళీ చేయాలి. చివరి దశకు తప్ప అది పనికిరాదు.

కొండవాలు
శనివారం, రాత్రి 9.30

పెద్దవారు చెప్పిన లెక్క ఉదయం చదివినప్పటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. కడ్డీ కంటే గీత లావన్న సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. మీకు నా నమస్కారాలు.

ఈరోజంతా ఈ పనే చేశాను. 144 కమోడ్లను ఒకేసారి మరో కాంపొనెంటుతో మార్చడానికి, కాంపొనెంట్స్ ప్యానెల్‌లో మోడల్‌లో ఉన్నవాటన్నింటినీ ఎంచుకునే ఆదేశం, ఎంచుకున్నవాటిని వేరొకదానితో మార్చే ఆదేశం వాడాను. తరువాత స్టాటిస్టిక్స్‌లో పర్జ్ అన్‌యూజ్డ్ నొక్కాను, లేకపోతే తీసేసిన పాత కమోడ్ ఫైలులోనే ఉండిపోతుంది. చెట్లను ఆకారపు గీతలుగా మార్చాను, కార్లను తీసేశాను. ఆటో టిక్ తీసేసిన తరువాత కొలతలు రాయడం నిన్నటితో పోలిస్తే మరో ప్రోగ్రామ్‌లో పనిచేస్తున్నట్టుంది. దక్షిణ ఎలివేషన్ ఒక్కటీ వెక్టర్‌లో పెట్టి చూస్తే నాలుగు నిమిషాలలో వచ్చింది; గురువారం అదే షీటుకు 35 నిమిషాలు పట్టింది.

ఇప్పుడు రెండు చిక్కులు మిగిలాయి. దగ్గరగా జూమ్ చేస్తే గీతలు వణుకుతున్నాయి, కొన్ని చోట్ల గోడ వెనక ఉండవలసిన గీతలు ముందుకు వస్తున్నాయి. రెండవది, సైట్ ప్లాన్ షీటు ఇంకా కదలడం లేదు.

సర్వే రాయి
ఆదివారం, ఉదయం 8.00

గీతలు వణకడం గురించి ఒక ప్రశ్న: మీ సైట్ సర్వే డీడబ్ల్యూజీ (క్యాడ్ డ్రాయింగ్) ఫైలు యూటీఎం కోఆర్డినేట్లలో, అంటే భూమిని జోన్లుగా విడదీసి ప్రతి చోటునూ మీటర్లలో చెప్పే పద్ధతిలో, వచ్చిందా? స్కెచ్‌అప్‌లోకి తెచ్చేటప్పుడు డ్రాయింగ్ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) అలాగే ఉంచమన్న టిక్ పెట్టారా?

అలా అయితే కారణం అదే. విశాఖపట్నం యూటీఎం 44వ జోన్ ఉత్తర భాగంలోకి వస్తుంది. మధురవాడ దగ్గర తూర్పు అంకె దాదాపు 7.5 లక్షల మీటర్లు, ఉత్తర అంకె దాదాపు 19.7 లక్షల మీటర్లు ఉంటుంది. అంటే మీ భవనం స్కెచ్‌అప్ ఆరిజిన్ నుంచి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో నిలబడి ఉంది. స్కెచ్‌అప్ లోపల కొలతలన్నీ అంగుళాలలో ఉంటాయి. ఆ ఉత్తర అంకె అంగుళాలలో ఏడున్నర కోట్లు దాటుతుంది. తెరమీద గీసే గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా వాడే సింగిల్ ప్రెసిషన్ సంఖ్యలు దాదాపు ఏడు అంకెల వరకే ఖచ్చితంగా ఉంటాయి, అంత పెద్ద సంఖ్య దగ్గర పక్కపక్క విలువల మధ్య ఎడం ఎనిమిది అంగుళాలు. తొమ్మిది అంగుళాల గోడ ఉన్న మోడల్‌లో ఎనిమిది అంగుళాల తడబాటు వస్తే గీతలు నిలకడగా ఎలా ఉంటాయి?

సర్వేలో ఒక మూల రాయిని ఎంచుకుని, దాని కోఆర్డినేట్లను షీటు మీద రాసిపెట్టుకుని, ఆ రాయి ఆరిజిన్ మీదకు వచ్చేలా మోడల్‌నంతా జరపండి. జరిపేటప్పుడు దాచిన వస్తువులు, ఆపిన ట్యాగులు కూడా వెంట వచ్చేలా ముందు అన్నింటినీ కనిపించేలా చేయండి. ఒక చిన్న గీత పాత చోట ఉండిపోయినా మోడల్ సరిహద్దు వేల కిలోమీటర్లు సాగిపోతుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ నొక్కినప్పుడు భవనం చుక్కలా కనిపిస్తే, ఏదో మిగిలిపోయిందని అర్థం.

సీతమ్మధార స్టూడియో
ఆదివారం, ఉదయం 10.20

గాజువాక గీత గారి దిద్దుబాటును మా హోటల్ ఫైలు మీద పరీక్షించి చూశాను. మీరు చెప్పిందే సరి. మా ఫైలు చిన్నదైన మాట నిజమే గాని, వెక్టర్ షీట్ల సమయం దాదాపు అలాగే ఉంది.

సైట్ ప్లాన్ విషయంలో నాకు అనుభవం ఉంది, ఎందుకంటే ఈ ఊళ్ళో చదును నేల దొరికే సైటు మాకు చాలా అరుదు. సర్వేయరు అర మీటరు అంతరంతో ఇచ్చిన కాంటూర్లను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను) స్కెచ్‌అప్‌లోని సాండ్‌బాక్స్ టూల్స్‌తో నేలగా మార్చితే, ఒక్కొక్క కాంటూరులో ఉన్న వేల బిందువులూ త్రిభుజాలవుతాయి. కాంటూర్ గీతల్లో అవసరం లేని బిందువులను నేలగా మార్చకముందే తగ్గించాలి, మార్చిన తరువాత తగ్గించడం చాలా కష్టం. రిటైనింగ్ గోడలు, ర్యాంపు వచ్చే చోట మాత్రం అర మీటరు అంతరం ఉంచుకుని, సైటు హద్దు దాటిన కొండకు రెండు మీటర్ల అంతరం చాలు. సైట్ ప్లాన్ షీటుకు అసలు నేల ఫేస్‌లు అక్కరలేదు. కాంటూర్ గీతలను మాత్రమే విడి ట్యాగులో పెట్టి, త్రిభుజాల నేల ట్యాగు ఆపేయండి. పై నుంచి చూసే ప్లానులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొండను కోసే సెక్షన్లకు మాత్రం నేల ఉండవలసిందే, తవ్వేదెంతో నింపేదెంతో చూపేవి అవే కదా. అక్కడ పెద్దవారు చెప్పిన కోత గ్రూపు బాగా పనికొస్తుంది.

26 షీట్లనూ ఒకే లేఅవుట్ ఫైలులో ఉంచకండి. ప్లాన్లు ఒకటి, ఎలివేషన్లూ సెక్షన్లూ ఒకటి, వివరాలు ఒకటి చేసుకోండి. డాక్యుమెంట్ సెటప్‌లో రిఫరెన్సెస్ కూడా ఒకసారి చూడండి. ఒకే మోడల్‌ను వేర్వేరు ఫోల్డర్ల నుంచి తెచ్చి ఉంటే అది రెండు మూడు సార్లు కనిపిస్తుంది. వాడుకలో లేనివాటిని అక్కడి పర్జ్ బటన్‌తో తీసేయవచ్చు.

కొండవాలు
సోమవారం, రాత్రి 11.05

సర్వే రాయి గారూ, ఆ టిక్ పెట్టింది నేనే. ఈశాన్య మూల రాయిని ఆరిజిన్ మీదకు తెచ్చాను. మొదటిసారి జూమ్ ఎక్స్‌టెంట్స్ నొక్కితే భవనం చుక్కలాగే కనిపించింది. వెతికితే సర్వే ఫైలుతో వచ్చిన ఒక ఉత్తర దిక్కు గుర్తు పాత చోటే ఉండిపోయింది. దాన్ని తీసేశాక గీతల వణుకు పూర్తిగా పోయింది. రిఫరెన్సెస్‌లో పాత మోడల్ రెండుసార్లు ఉంది, వాటినీ తీసేశాను.

మొత్తం ఎడ్జ్‌లు ఇప్పుడు 5 లక్షల 80 వేలు. ప్లాన్లు, సెక్షన్లు, ఎలివేషన్లు వెక్టర్‌లో, నీడలు కావలసిన రెండు ఎలివేషన్లు హైబ్రిడ్‌లో, పర్‌స్పెక్టివ్‌లు రాస్టర్‌లో పెట్టి, మూడు ఫైళ్ళ పీడీఎఫ్‌లూ తీశాను. మొత్తం 22 నిమిషాలు పట్టింది. రేపు ఉదయం ద్వారకానగర్‌లో ప్రింట్లు తీయిస్తాను.

పాత డ్రాఫ్టింగ్ బల్ల
సోమవారం, రాత్రి 11.20

సంతోషం నాయనా. మొత్తం ప్రింట్లు తీయించే ముందు ఎలివేషన్ షీటు ఒక్కటి తీయించి, రెయిలింగు దగ్గర కన్ను పెట్టి చూడండి. కడ్డీల మధ్య తెల్లటి సందు కనిపిస్తే మిగిలినవి తీయించవచ్చు, కనిపించకపోతే ఆ వ్యూపోర్టు గీత మందం ఒక మెట్టు తగ్గించి మళ్ళీ పీడీఎఫ్ తీయండి.

కొండవాలు
మంగళవారం, ఉదయం 10.40

ఒక షీటు తీయించి చూశాను. రెయిలింగు నిండుగా నల్లబడింది. లాప్‌టాప్ వెంట ఉండడంతో దుకాణంలోనే కూర్చుని, ఆ వ్యూపోర్టు గీత మందం 0.5 పాయింట్ల నుంచి 0.25కు తగ్గించి, ఆ ఒక్క షీటు మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాను. మూడు నిమిషాలు పట్టింది. కడ్డీలు విడివిడిగా వచ్చాయి, మిగిలిన షీట్లు ఇప్పుడు ప్రింటవుతున్నాయి.